మతం మాటున కులం: యూసుఫ్ యోహానా క్రికెట్ జీవితం

2005 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ క్రికెట్ జట్టులోని ఒకే ఒక్క క్రైస్తవుడు యూసుఫ్ యోహానా తాను ఇస్లాం స్వీకరించానని, ఇకమీదట తన పేరు మహమ్మద్ యూసుఫ్ అని ప్రకటించాడు. పాకిస్తాన్‌లో చాలామంది సంతోషించారు. లాహోరు క్రైస్తవుల్లో, సొంత కుటుంబంలోనూ బాధ కలిగింది. మన దేశంలో హిందుత్వవాదులు ‘చూశారా, అక్కడ మైనారిటీల గతి ఇదీ’ అని వేలెత్తి చూపించారు. ముగ్గురి మాటలూ వేరు, ముగ్గురూ చూసింది మాత్రం ఒక్క మతాన్నే. లాహోరు రైల్వే కాలనీలోని ఒక పేద క్రైస్తవ కుటుంబం ఏ చరిత్రలోంచి వచ్చింది, ఆ బస్తీ పిల్లాడి చేతికి బ్యాటు ఎలా అందింది, వాడితోపాటు వీధిలో ఆడిన మిగతా పిల్లలు ఏమయ్యారు అనే ప్రశ్నలు ఆ గోలలో వినపడలేదు.

ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలు వేసుకుందాం. పాకిస్తాన్‌లో కులం లేదని అక్కడి పాలకవర్గం చెబుతుంది. ఇస్లాం సమానత్వ మతం గనక కులం హిందూస్తాన్‌లోనే ఉండిపోయిందని దాని వాదన. కానీ కులం సరిహద్దు దగ్గర ఆగిపోలేదు. మతం పేరు కప్పుకుని అవతల కూడా బతుకుతూనే ఉంది. ఒక దేశవాళీ క్రికెటర్ జీవితాన్ని దగ్గరగా చూస్తే ఈ సంగతి చట్టసభల చర్చల్లో కన్నా స్పష్టంగా కనపడుతుంది. ఎందుకంటే క్రికెట్ అంటే ఆట ఒక్కటే కాదు. పాకిస్తాన్‌లో అది కొన్ని దశాబ్దాలపాటు ఒక ప్రభుత్వ ఉద్యోగం కూడా.

దిత్తు నుంచి మసీహ్ దాకా

యోహానా అంటే మన యోహానే. మన పల్లెల్లో యోహాను, ఏసోబు, దావీదు అని పిలిస్తే ఆ మనిషి ఏ పేటవాడో వేరే అడగక్కర్లేదు. పంజాబులో కూడా అంతే. అక్కడ పేరు చివర ‘మసీహ్’ అని ఉంటే ఎదుటివాడి మనసులో మెదిలేది బైబిలు కాదు, చీపురు.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. రెండు చరిత్రలూ దాదాపు ఒకే కాలంలో నడిచాయి. 1873లో సియాల్‌కోట్ ప్రాంతంలో దిత్తు అనే మనిషి బాప్తిస్మం తీసుకున్నాడు. అతను చూహ్రా కులస్తుడు, కాలు కుంటి, తోళ్లు కొని అమ్ముకునేవాడు. అమెరికన్ ప్రెస్బిటీరియన్ మిషనరీలు అప్పటిదాకా పై కులాల వాళ్లను, చదువుకున్నవాళ్లను మార్చాలని చూస్తున్నారు. దిత్తు వాళ్ల వెంట తిరగలేదు. బాప్తిస్మం తీసుకుని నేరుగా సొంత ఊరికి పోయాడు. మొదట చుట్టాలను, తర్వాత చుట్టుపక్కల ఊళ్ల చూహ్రాలను వెంటబెట్టుకొచ్చాడు. 1881లో పంజాబు దేశీయ క్రైస్తవుల సంఖ్య వేలల్లోనే ఉంది. 1931 నాటికి అది సుమారు 4 లక్షలకు చేరింది.

ఇక్కడ ఒంగోలు ప్రాంతంలో జరిగింది గుర్తు చేసుకోండి. తాళ్లకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడే. 1860ల్లో ఆయన మొదలుపెట్టిన కదలిక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకునేదాకా వెళ్లింది. ఒంగోలులోనూ, సియాల్‌కోట్‌లోనూ మిషనరీల రాతలు తమ కృషినే ముందు పెట్టాయి. నిజానికి రెండుచోట్లా ఉద్యమాన్ని నడిపింది అంటరానివాళ్లే. తోళ్ల వ్యాపారం వాళ్లకు ఊరు దాటే దారి చూపించింది. ఊరు దాటినవాడికే ఊరి కట్టు ఎంత గట్టిగా బిగుసుకుని ఉందో తెలుస్తుంది.

పంజాబు పల్లెల్లో చూహ్రాలు జాట్ భూస్వాముల దగ్గర ‘సేపీ’ చాకిరీ చేసేవాళ్లు. పేడ ఎత్తటం, పశువుల కొట్టం ఊడ్చటం, చచ్చిన గొడ్డును మోయటం, పంట కోతకు సాయపడటం వాళ్ల పని. దానికి బదులు కళ్లంలో ఇంత గింజ ఇచ్చేవాళ్లు. మన వెట్టికీ దీనికీ పేరొక్కటే తేడా. ఈ చాకిరీ నుంచి బయటపడటానికి చూహ్రాలు మూడు తలుపులు తట్టారు. సిక్కు మతంలోకి వెళ్లినవాళ్లను ‘మజ్‌హబీ’ అన్నారు. ఇస్లాంలోకి వెళ్లినవాళ్లను ‘ముసల్లీ’ అన్నారు. క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు ‘మసీహ్’ అయ్యారు. మూడు మతాలూ సమానత్వం బోధించేవే. అయినా మూడూ వచ్చినవాళ్లకు వేరే పేరు పెట్టి వేరే వరసలో కూచోబెట్టాయి. పంజాబులో మతం మారితే కులం పోదని చెప్పటానికి ఈ మూడు పేర్లు చాలు.

1947: చీపురు ఆగకూడదు

దేశ విభజనతో ఈ కథ మరో మలుపు తిరిగింది. కరాచీ నుంచి, సింధు పట్టణాల నుంచి హిందువులు పడవలెక్కి వెళ్లిపోతుంటే పాకిస్తాన్ ప్రభుత్వం వాళ్లలో ఒక వర్గాన్ని మాత్రం ఆపింది. వాళ్లు పాకీపనివాళ్లు. వీధులు ఊడ్చటం, మలం ఎత్తటం అత్యవసర సేవ గనక వీళ్లు కదలటానికి వీల్లేదన్నది ప్రభుత్వ వైఖరి. కరాచీలో అప్పటి భారత హైకమిషనర్ శ్రీప్రకాశ ఈ సంగతి రాసిపెట్టాడు. 1947 డిసెంబర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఇదే విషయం మీద నెహ్రూకు ఉత్తరం రాశారు. పాకిస్తాన్‌లో చిక్కుకున్న షెడ్యూల్డు కులాల వాళ్లను రప్పించండని అడిగారు. కొత్త దేశం హిందువు వద్దనుకుంది, హిందువు ఊడ్చే చీపురు కావాలనుకుంది.

పంజాబులో ఇంకో రకంగా జరిగింది. సిక్కు, హిందూ భూస్వాములు తూర్పుకు పోయారు. వాళ్ల భూములు తూర్పు నుంచి వచ్చిన ముస్లిం శరణార్థులకు పంచారు. ఆ భూముల మీద తరతరాలుగా సేపీ చేసిన క్రైస్తవ కుటుంబాలకు సెంటు దక్కలేదు. కొత్తగా వచ్చినవాళ్లు సొంతంగా సాగు చేసుకోవటంతో ఆ పని కూడా పోయింది. అలా ఊళ్లు విడిచిన వేలాది కుటుంబాలు లాహోరు, లాయల్‌పూర్, రావల్పిండి చేరాయి. హిందూ సఫాయి కార్మికులు ఖాళీ చేసి పోయిన మునిసిపల్ పనుల్లో కుదిరాయి. పల్లెలో కనీసం పొలంపని, కోతపని కూడా ఉండేవి. పట్నం వచ్చేసరికి చీపురొక్కటే మిగిలింది.

పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్ షెడ్యూల్డు కులాల నాయకుడు. ముస్లింలతో కలిసి నడిస్తే దళితులకు మేలు జరుగుతుందని నమ్మి ఆయన ఆ పదవి తీసుకున్నాడు. 1950 అక్టోబర్‌లో రాజీనామా ఇచ్చి కలకత్తా వచ్చేశాడు. 1957లో పాకిస్తాన్ షెడ్యూల్డు కులాల జాబితా ఒకటి ప్రకటించింది. అందులో ఉన్నవి హిందూ అంటరాని కులాలే. క్రైస్తవుడైన చూహ్రా జనాభా లెక్కల్లో ‘క్రైస్తవుడు’, బజార్లో చూహ్రా. ఇక్కడ మన ప్రభుత్వం 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో చేసిందీ ఇదే. చర్చికి వెళ్లిన మాల, మాదిగలు ఎస్సీ జాబితా నుంచి జారిపోయి బీసీ ‘సి’లో పడ్డారు. బద్ధ శత్రువులమని చెప్పుకునే రెండు దేశాలు ఈ ఒక్క లెక్కలో మాత్రం ఒకే పద్ధతి పాటించాయి.

రైల్వే కాలనీ పిల్లాడు

యూసుఫ్ యోహానా 1974 ఆగస్టు 27న లాహోరులో పుట్టాడు. తండ్రి యోహానా మసీహ్ రైల్వే స్టేషన్‌లో పనిచేసేవాడు. కుటుంబం దగ్గర్లోని రైల్వే కాలనీలో ఉండేది. కులం అనేది మనిషి తనకు తాను చెప్పుకునేది కాదు, ఎదుటివాడు అంటగట్టేది. లాహోరులో పేద పంజాబీ క్రైస్తవుణ్ణి చూసినప్పుడు ఎదుటివాడు అంటగట్టే పేరు ఏమిటో పైన చూశాం.

బ్యాటు కొనే స్తోమత ఇంట్లో లేదు. పిల్లాడు దొరికిన చెక్కతోనే ఆడాడు. బంతి అంటే టెన్నిస్ బంతికి కరెంటు తీగలకు చుట్టే టేపు చుట్టింది. మైదానం అంటే రోడ్డు. ఈ టేప్ బంతి ఆట 1980ల్లో కరాచీ వీధుల్లోంచి దేశమంతా పాకింది. దీనికి ప్యాడ్లు, గ్లోవ్స్, గడ్డి పిచ్ అక్కర్లేదు. పాకిస్తాన్ క్రికెట్ కిందికి దిగి పేదవాడి దాకా వచ్చిందంటే దానికి కారణం క్రికెట్ బోర్డు కాదు, పది రూపాయల టేపు చుట్ట.

అదే లాహోరులో ఇంకో క్రికెట్ ఉంది. ఎయిచిసన్ కాలేజీ పచ్చిక మీద, జమాన్ పార్కు బంగళాల మధ్య పెరిగిన క్రికెట్ అది. జావెద్ బుర్కీ, మాజిద్ ఖాన్, ఇమ్రాన్ ఖాన్ ఒకే చుట్టరికంలోంచి వచ్చి ముగ్గురూ పాకిస్తాన్ కెప్టెన్లయ్యారు. వాళ్ల ప్రతిభను కాదనక్కర్లేదు. కానీ ఆ ప్రతిభకు బ్యాటు వెతుక్కోవాల్సిన పని పడలేదు. రెండు క్రికెట్ల మధ్య నడిచి వెళ్లేంత దూరమే. ఆ దూరం దాటడానికి వంతెన కావాలి.

ఆ వంతెన మొదటి మెట్టు క్లబ్బు. యోహానా 12 ఏళ్ల వయసులో గోల్డెన్ జింఖానా అనే క్లబ్బు వాళ్ల కంటబడ్డాడు. తర్వాత ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీకి ఆడాడు. ఇది కూడా మిషనరీలు పెట్టిన కాలేజీయే. మన దగ్గర మిషన్ బడులు మాల, మాదిగ పిల్లలకు పలక పట్టించినట్టు అక్కడి మిషన్ సంస్థలు కొందరికి మైదానం కూడా చూపించాయి. కానీ చదువు ఉద్యోగం ఇవ్వలేదు, ఆట కూడు పెట్టలేదు. 1994 ప్రాంతంలో యోహానా ఆట మానేశాడు. దర్జీ దుకాణంలో పనికి కుదిరాడు.

ఒక రోజు స్థానిక క్లబ్బుకి మనిషి తక్కువ పడ్డాడు. పదకొండో మనిషి కోసం దుకాణం నుంచి ఇతన్ని పిలుచుకెళ్లారు. సెంచరీ కొట్టాడు. అక్కడి నుంచి ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ లీగులో బౌలింగ్ ఓల్డ్ లేన్ క్లబ్బుకి ఒక సీజన్ ఆడే అవకాశం వచ్చింది. ఈ కథను క్రికెట్ రచయితలు అదృష్టం కింద రాస్తారు. మనం దాన్ని తిరగేసి చదవాలి. ఆ రోజు ఆ క్లబ్బుకి పదకొండు మందీ వచ్చి ఉంటే? 24 టెస్టు సెంచరీలు కొట్టిన చేతులు లాహోరు దుకాణంలో కుట్టుమిషను తిప్పుతూ ఉండిపోయేవి. ఒక వ్యవస్థ ఒక వర్గం మనిషిని అదృష్టం మీద మాత్రమే లోపలికి రానిస్తోందంటే ఆ గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో మనం ఊహించుకోవచ్చు.

డిపార్ట్‌మెంట్ అంటే ఏమిటి

వంతెనలో రెండో మెట్టు డిపార్ట్‌మెంట్. పాకిస్తాన్ దేశవాళీ క్రికెట్ తెలియనివాళ్లకు ఇది కొంచెం వివరించాలి. అక్కడి ప్రధాన పోటీ కాయిద్-ఎ-ఆజం ట్రోఫీ. 1953-54లో మొదలైంది, తొలిసారి బహావల్‌పూర్ గెలిచింది. మొదట్లో ఊళ్ల పేర్లతో, ప్రాంతాల పేర్లతో జట్లు ఉండేవి. రైల్వేస్ లాంటి ఒకటి రెండు సంస్థల జట్లూ ఆడేవి. ప్రాంతీయ జట్టుకి ఆడితే దినభత్యం తప్ప ఏమీ రాదు. అంటే ఇంట్లో తిండికి లోటు లేనివాడే ఏళ్ల తరబడి ఆడగలడు.

1972లో బోర్డు అధ్యక్షుడైన అబ్దుల్ హఫీజ్ కర్దార్ దీన్ని మార్చాడు. బ్యాంకుల్ని, ప్రభుత్వ సంస్థల్ని జట్లు పెట్టమని ఒత్తిడి చేశాడు. పీఐఏ విమాన సంస్థ, నేషనల్ బ్యాంకు, హబీబ్ బ్యాంకు, యునైటెడ్ బ్యాంకు, కస్టమ్స్, నీళ్లు-కరెంటు చూసే వాప్డా ఆటగాళ్లను ఉద్యోగులుగా చేర్చుకున్నాయి. నెల జీతం, వైద్యం, భవిష్యనిధి, ఆట అయిపోయాక కూచోవడానికి ఒక బల్ల దొరికాయి. చూడ్డానికి జనం రాని మైదానాల్లో, ఖాళీ మెట్ల ముందు ఆడిన వందలాది క్రికెటర్ల ఇళ్లలో పొయ్యి వెలిగింది ఈ జీతాలతోనే. మధ్యతరగతి, కిందితరగతి కుర్రాళ్లు పాకిస్తాన్ జట్టులోకి వరసపెట్టి రావటానికి ఇది ముఖ్య కారణం.

యోహానా కూడా ఈ దారినే పైకొచ్చాడు. బహావల్‌పూర్‌కు ఆడాడు, వాప్డాకు ఆడాడు, తర్వాత పీఐఏకి, లాహోరు జట్లకి, వ్యవసాయ బ్యాంకు జట్టుకి ఆడాడు. అంటే దేశవాళీ వ్యవస్థ అతనికి పని చేసింది. అయితే ఆ వ్యవస్థను పొగిడేముందు ఒక సంగతి చూడాలి. పాకిస్తాన్ ప్రభుత్వ సంస్థలు, మునిసిపాలిటీలు సఫాయి ఉద్యోగాలకు ఇచ్చే ప్రకటనల్లో ‘ముస్లిమేతరులకు మాత్రమే’ అని అచ్చు వేయించటం దశాబ్దాలుగా నడిచింది. 2022లో ఆ దేశపు జాతీయ మానవ హక్కుల కమిషనే ఇలాంటి ప్రకటనల్ని పోగేసి నివేదిక ఇచ్చింది. జనాభాలో క్రైస్తవులు నూటికి ఇద్దరు కూడా లేరు, సఫాయి పనిలో మాత్రం అత్యధికులు వాళ్లే. ముసుగు, చేతి తొడుగు లేకుండా మురుగు గొట్టాల్లో దిగి చనిపోయేవాళ్లూ ఎక్కువగా వాళ్లే. అంటే ప్రభుత్వ ఉద్యోగంలో క్రైస్తవుడికి ఒక తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఉంది, అది మురుగు కాలవ వైపు తలుపు. స్పోర్ట్స్ కోటా అనే తలుపులోంచి వచ్చిన పంజాబీ క్రైస్తవుడు అరుదు. యోహానా అలాంటి అరుదైన మనిషి. 2009లో పాకిస్తాన్ ప్రభుత్వం మైనారిటీలకు 5 శాతం ఉద్యోగ కోటా ప్రకటించింది. దాంట్లో కూడా నిండేవి ఎక్కువగా కింది మెట్టు ఉద్యోగాలేనని అక్కడి కార్యకర్తలు మొత్తుకుంటున్నారు.

ముందు నడిచినవాళ్లు

‘పాకిస్తాన్‌కి క్రైస్తవులు, హిందువులు ముందు కూడా ఆడారు కదా, వివక్ష ఎక్కడుంది’ అని అడిగేవాళ్లున్నారు. నిజమే, ఆడారు. యోహానా పాకిస్తాన్ తరఫున టెస్టులాడిన నాలుగో క్రైస్తవుడు. కానీ ఆ ముందువాళ్లు ఎవరు?

వాలిస్ మథియాస్ 1955లో టెస్టుల్లోకి వచ్చాడు. ఆ జట్టుకి ఆడిన తొలి ముస్లిమేతరుడు. 21 టెస్టులాడాడు, గొప్ప స్లిప్ ఫీల్డరని పేరు. కరాచీ గోవన్ సమాజంలో పుట్టాడు, సెయింట్ పాట్రిక్స్ బళ్లో చదివాడు. 1965-66లో కరాచీ బ్లూస్ తరఫున రైల్వే గ్రీన్స్ మీద 278 నాటౌట్ కొట్టాడు. తర్వాత నేషనల్ బ్యాంకు జట్టుకి తొలి కెప్టెన్ అయ్యాడు. అంతావో డిసౌజా గోవాలో పుట్టిన కరాచీ బౌలర్, 6 టెస్టులాడి తర్వాత కెనడా వెళ్లిపోయాడు. డంకన్ షార్ప్ ఆంగ్లో సంతతివాడు, 3 టెస్టులాడి ఆస్ట్రేలియా చేరాడు. వీళ్లు ఇంగ్లీషు చదువున్న, పట్నపు చర్చి నీడన పెరిగిన చిన్న సమాజాల మనుషులు. వాళ్లకూ కష్టాలున్నాయి, లేకపోతే దేశం విడిచి ఎందుకు పోతారు? కానీ వాళ్లను చూసి ఎవరూ ‘చూహ్రా’ అనలేదు. గోవన్ క్లర్కు, ఆంగ్లో ఇంజన్ డ్రైవరు, పంజాబీ పాకీపనివాడు ముగ్గురినీ ‘క్రైస్తవుడు’ అనే ఒకే గంపలో వేసేసరికి మూడోవాడి ప్రత్యేక చరిత్ర కనపడకుండా పోతుంది.

హిందువుల విషయమూ చూడాలి. కరాచీ వికెట్ కీపర్ అనిల్ దల్పత్ 1983-84 దేశవాళీ సీజన్‌లో 67 మందిని అవుట్ చేసి రికార్డు పెట్టాడు. 1984లో పాకిస్తాన్‌కి టెస్టు ఆడిన తొలి హిందువయ్యాడు. 9 టెస్టులతో ఆగిపోయాడు. తర్వాత వచ్చిన దానిష్ కనేరియా 61 టెస్టుల్లో 261 వికెట్లు తీశాడు. 2019 డిసెంబర్‌లో షోయబ్ అఖ్తర్ టీవీలో మాట్లాడుతూ జట్టులో కొందరు కనేరియాతో కలిసి తినటానికి ఇష్టపడేవాళ్లు కాదని చెప్పాడు. కనేరియా ఔనన్నాడు. అప్పటి కెప్టెన్ ఇంజమామ్ ఉల్ హక్ అలాంటిదేమీ తాను చూడలేదన్నాడు. కనేరియా స్పాట్ ఫిక్సింగ్ కేసులో 2012లో శిక్ష పడినవాడు, 2018లో తప్పు ఒప్పుకున్నాడు. ఆ తప్పును మనం వెనకేసుకురానక్కర్లేదు. కానీ ‘కలిసి తినరు’ అనే ఆరోపణ స్వభావం గమనించండి. వేరే మతస్తుడితో కలిసి తినకూడదని ఇస్లాంలో నియమం లేదు. కంచం వేరు, గ్లాసు వేరు అనే జబ్బు ఈ ఉపఖండపు కులానిది. లాహోరు, కరాచీ హోటళ్లలో సఫాయి కార్మికులకు వేరే కప్పులో టీ పోసిన అనుభవాలు అక్కడి క్రైస్తవులు ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

వేరే కప్పు మాట క్రికెట్‌లో పాతదే. అవిభక్త భారతంలో చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో నెలకు 4 రూపాయల జీతానికి బంతులు వేశాడు. హిందూ జట్టులో చేరి తెల్లవాళ్ల వికెట్లు తీశాడు. టీ మాత్రం మంటపం బయట, వేరే కప్పులో ఇచ్చారు. 1911 ఇంగ్లండు పర్యటనలో 100కు పైగా వికెట్లు తీసినవాణ్ణి బొంబాయి పోటీల్లో హిందూ జట్టుకి కెప్టెన్‌ని చేయలేదు. ఆ పోటీల్లో జట్లు మతం పేరుతో ఉండేవి. మైదానంలో బాలూ ‘హిందువు’, విరామంలో అంటరానివాడు. నూరేళ్ల తర్వాత సరిహద్దు అవతల కూడా లెక్క అదే. ఆట రాసే పుస్తకంలో మతం కనపడుతుంది, కులం కనపడదు.

శిలువ గుర్తు, సజ్దా

యోహానా 1998 ఫిబ్రవరిలో డర్బన్‌లో దక్షిణాఫ్రికా మీద టెస్టుల్లోకి వచ్చాడు. కొద్ది కాలంలోనే జట్టుకి మధ్యవరస స్తంభమయ్యాడు. సెంచరీ కొడితే గుండె మీద శిలువ గుర్తు వేసుకునేవాడు. మైదానంలో కోట్లాది మంది చూస్తుండగా పాకిస్తాన్ ఆకుపచ్చ టోపీ కింద ఆ గుర్తు కనపడటం చిన్న సంగతి కాదు. చీపురు పట్టుకుని తల దించుకు నడిచే బస్తీలకు అది ఎలా కనపడి ఉంటుందో మన వాడల్లోంచి చూస్తే అర్థమవుతుంది. 2004 డిసెంబర్‌లో ఇంజమామ్ గాయపడితే మెల్‌బోర్న్ టెస్టులో జట్టును నడిపించాడు, 111 పరుగులు చేశాడు. పాకిస్తాన్‌కి నాయకత్వం వహించిన తొలి ముస్లిమేతరుడతను.

తొమ్మిది నెలలకు పేరు మారింది. జట్టులో అప్పటికి తబ్లీగీ జమాత్ ప్రభావం బాగా ఉంది. మాజీ ఓపెనర్ సయీద్ అన్వర్ సాహచర్యం యూసుఫ్‌ని ఆ వైపు నడిపించింది. కెప్టెన్సీ కోసం మారాడని కొందరన్నారు, అతను కాదన్నాడు. ఆ మరుసటి ఏడు 2006లో 11 టెస్టుల్లో 9 సెంచరీలతో 1,788 పరుగులు చేశాడు. లార్డ్స్‌లో 202, లీడ్స్‌లో 192, ముల్తాన్‌లో 191. 1976లో వివియన్ రిచర్డ్స్ పెట్టిన 1,710 పరుగుల రికార్డు బద్దలైంది. ఆ పరుగులకు తన కొత్త విశ్వాసమే బలమని యూసుఫ్ చెప్పుకున్నాడు. ఇప్పుడతను సెంచరీ కొట్టి నేల మీద సజ్దా చేస్తున్నాడు.

దీన్ని మనం ఎలా చూడాలి? మతం మారటం మనిషి హక్కు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించి 1956లో బౌద్ధం తీసుకున్న అంబేద్కర్ వారసులకు ఇందులో సందేహం ఉండకూడదు. యూసుఫ్ నమ్మకం నిజమైందా కాదా అని తూచే తక్కెడ మన దగ్గర లేదు. అది మనకు అవసరమూ లేదు. హిందుత్వవాదుల మొసలి కన్నీళ్లు అసలే అవసరం లేదు. మనం చూడాల్సింది మారటం ఎలా జరిగిందన్నది. దిత్తు సియాల్‌కోట్‌లో మతం మారినప్పుడు వెంట వాడ మొత్తాన్ని తీసుకెళ్లాడు. అంబేద్కర్ నాగపూర్‌లో లక్షలమందితో కలిసి మారారు. సామూహికంగా మారినప్పుడు అది తిరుగుబాటు అవుతుంది. యూసుఫ్ భార్యాపిల్లలతో మాత్రం మారాడు. గొప్ప పేరున్న ఒక్కడు పైకి పోతే సమాజం అతన్ని కావలించుకుంటుంది. కాలనీ మాత్రం అక్కడే ఉంటుంది, చీపురూ అక్కడే ఉంటుంది. 2004లో తాత్కాలిక కెప్టెన్‌గా ఉన్నవాడు 2009లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పర్యటనలకు పూర్తి స్థాయి కెప్టెన్ అయ్యాడు. మధ్యలో అతని పేరు మారింది, పరుగులూ పెరిగాయి. ఏది ఎంత పని చేసిందో ఎవరి నమ్మకం వాళ్లది. ఆస్ట్రేలియాలో మూడు టెస్టులూ ఓడాక 2010 మార్చిలో బోర్డు అతని మీద నిషేధం పెట్టింది, తర్వాత ఎత్తేసింది. అదే ఏడాది ఆగస్టులో లార్డ్స్‌లో ఆడిందే చివరి టెస్టు. మొత్తం 90 టెస్టులు, 7,530 పరుగులు.

మెట్టు తీసేశాక

యూసుఫ్ ఎక్కి వచ్చిన మెట్టు తర్వాత ఏమైందో చెప్పకుండా ఈ వ్యాసం ముగియదు. ఇమ్రాన్ ఖాన్ ప్రధాని అయ్యాక 2019 ఆగస్టులో బోర్డు కొత్త నియమావళి తెచ్చింది. డిపార్ట్‌మెంట్ జట్లను తీసేసింది. 16 జట్లు ఆడే కాయిద్-ఎ-ఆజం ట్రోఫీని 6 ప్రాంతీయ జట్లకు కుదించింది. ఆస్ట్రేలియా పద్ధతిలో జట్లు తక్కువుంటే ఆట నాణ్యత పెరుగుతుందని ఇమ్రాన్ ఎప్పటినుంచో చెబుతున్న మాట. ఆట నాణ్యత సంగతి ఏమోగానీ, వందలాది ఆటగాళ్ల జీతాలు పోయాయి. ఒక ఫస్ట్‌క్లాస్ క్రికెటర్ కరాచీలో పికప్ వ్యాన్ నడుపుకుంటున్న దృశ్యం దేశమంతా చూసింది. 2022 డిసెంబర్‌లో పాత నియమావళిని పునరుద్ధరించారు. 2023-24లో ప్రెసిడెంట్స్ ట్రోఫీతో డిపార్ట్‌మెంట్లు తిరిగొచ్చాయి. అయితే పాత సంస్థలన్నీ రాలేదు, పాత రకపు పక్కా ఉద్యోగాలూ రాలేదు.

ఈ చర్చ అంతా నాణ్యత, ఖర్చు, ఉద్యోగం అనే మాటల్లో నడిచింది. డిపార్ట్‌మెంట్లు కావాలన్నవాళ్లు గానీ, వద్దన్నవాళ్లు గానీ ఆ జట్లలో ఏ కులాల, ఏ బస్తీల పిల్లలున్నారో లెక్క తీయలేదు. జమాన్ పార్కులో పుట్టినవాడికి డిపార్ట్‌మెంట్ అంటే నాసిరకం క్రికెట్. రైల్వే కాలనీలో పుట్టినవాడికి అది రేషను సరుకు, అమ్మ మందులు, చెల్లెలి పెళ్లి. ప్రతిభ ఒక్కటే చూస్తామనే మాట మనకు కొత్తది కాదు. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళనలో మన అగ్రకుల విద్యార్థులు వీధుల్లో బూట్లు తుడిచి మరీ చెప్పిన మాట అదే.

మన వైపు పరిస్థితి మెరుగ్గా ఉందని గర్వపడటానికీ వీల్లేదు. భారత టెస్టు జట్టు 1932 నుంచి ఆడుతోంది. అందులో ఆడిన దళితుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్క అడిగితే ‘క్రీడల్లో కులం తేవద్దు’ అంటారు. అక్కడ ‘ఇస్లాంలో కులం లేదు’ అంటారు. ఇద్దరి జవాబూ ఒకటే, లెక్క తీయొద్దు.

అందుకే ముందు లెక్క తీయాలి. మైదానాల్లో రోలరు తోసేది ఎవరు, గడ్డి కోసేది ఎవరు, నెట్స్‌లో పొద్దస్తమానం బంతులు వేసేది ఎవరు, వాళ్ల పిల్లలకు బ్యాటు అందుతోందా? మన యూనివర్సిటీల్లో క్రీడా కోటా సీట్లలో దళిత, దళిత క్రైస్తవ విద్యార్థులు ఎందరు? రైల్వే, పోలీసు, బ్యాంకు జట్లలో మన వాడల పిల్లలు ఎందరు? రంజీ ఆడి పేరు రాకుండా మిగిలిపోయిన దళిత ఆటగాళ్లు ఎక్కడున్నారు, ఏం పని చేసి బతుకుతున్నారు? వాళ్లు బతికుండగానే వాళ్ల నోటి మాటగా ఈ చరిత్ర రాసుకోవాలి. కాలేజీల్లో ఉన్న మిత్రులు తమ తమ ఊళ్ల మైదానాల నుంచి ఈ పని మొదలుపెట్టొచ్చు. దానికి గ్రాంటు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు.